కొత్త చెయ్యకముందు వండిన చిక్కుళ్ళు

చిక్కుడుకాయలు వండింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి మా ఊళ్ళో పదిమంది పది రకాలుగా చెబుతారు. మేడమ్ వండించిందని కొందరంటారు, పిల్లలే కోసుకొచ్చి ఇచ్చారని కొందరంటారు. కోసింది పిల్లలు. వండమన్నది మేడమ్. వండింది నేను. వద్దన్న పిల్ల చేత తినిపించింది కూడా నేనే. ఆ చివరి ముక్క మాత్రం మూడు రోజులు మింగి కూర్చున్నాను.

మాది ముంచింగిపుట్టు సంతకు నడిచి వెళ్ళే ఊళ్ళలో ఒకటి. ఒక చివర చర్చి, ఇంకో చివర దేవర రాళ్ళు, మధ్యలో బడి. బడి అంటే రెండు గదులు, ఒక వరండా, వెనకాల రేకుల వంటపాక. ఆ పాకలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పని నాది. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు ఉండాలని కాగితం మీద ఉంది. ఉన్నది ఒక్కావిడే. హెడ్మాస్టరూ ఆవిడే, పాఠాలు చెప్పేదీ ఆవిడే, గంట కొట్టేదీ ఆవిడే. కింద మైదానం మనిషి. ఊరంతా మేడమ్ అంటాం.

ఆవిడ గురించి మంచి చెబితే చెడ్డా చెప్పాలి. గబగబా మాట్లాడుతుంది. ఎదుటి మనిషి మాట సగంలో ఉండగానే తనకు అర్థమైపోయిందని అందుకుంటుంది. జలగను చూస్తే బల్ల ఎక్కుతుంది. కాని ఊళ్ళోనే ఉంటుంది. అంతకుముందు వచ్చినవాళ్ళు సోమవారం ఎండెక్కాక జీపు దిగి, శుక్రవారం అన్నం తిని జీపెక్కేవాళ్ళు. ఈవిడ చర్చి వెనక ఒక గది తీసుకుని ఉంటుంది. బడిలో పొద్దున ప్రార్థన అయ్యాక ఎవరు రాలేదో చూసుకుని, గంట తిరక్కుండా ఆ ఇంటి గుమ్మంలో నిలబడుతుంది. తిట్టదు. "పిల్ల ఏం చేస్తోంది?" అని అడుగుతుంది, అంతే. ఆ అడగడానికే తల్లులు జడిసి పిల్లల్ని పంపేస్తారు. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో అందరూ పిల్లల్ని తోటలకు తీసుకుపోతుంటే, ఆవిడ గంట పొద్దున్నే కొట్టి, అన్నాలు తిన్నాక వదిలేసేది. పైనుంచి ఒప్పుకున్నారో లేదో నేనడగలేదు. ఒకటో తరగతి వాళ్ళకు ముందు మా ఇళ్ళలో మాట్లాడే మాటతోనే లెక్క నేర్పాలంటుంది. ఆ మాట తనకు రాదు. అందుకని పెద్ద తరగతి ఆడపిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని తనూ నేర్చుకునేది. తప్పు పలికితే పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వనిచ్చేది.

నాకు అక్షరాలు నేర్పిందీ ఆవిడే. వంట చేసినట్టు రిజిస్టరులో రోజూ వేలిముద్ర వేసేదాన్ని. ఆవిడ వచ్చిన నెలలోనే ఇంకు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. సంతకం పెడితేనే వండినట్టు రాసుకుంటానంది. అప్పటికి నాకు యాభై దాటి చాలా ఏళ్ళయింది, మనవలున్నారు. ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు వండి, సంతకం లేకుండానే ఇంటికి పోయాను. మూడో రోజు ఒకటో తరగతి పిల్లల వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. నా మోకాళ్ళు వాళ్ళ వీపులకు తగిలేవి. ఒక్కో అక్షరానికి వారం పట్టిన రోజులున్నాయి. పేరు రాయడం వచ్చాక ఆగిపోదామనుకున్నాను, ఆగలేకపోయాను. గోడ మీద ఏ కాగితం కనపడినా చదవడం మొదలుపెట్టాను.

అలా చదివిన కాగితమే నా ప్రాణం తీసింది.

కాగితంలో ఉన్నదిది. వచ్చే శుక్రవారం ఆఫీసరు వచ్చి పిల్లలను లెక్కపెడతారు. రిజిస్టరులో ఉన్నంతమంది బడిలో కనపడకపోతే మూడు, నాలుగు, ఐదు తరగతులను గెడ్డ అవతలి బడిలో కలిపేస్తారు. అక్షరం మీద వేలు పెట్టుకుని రెండుసార్లు చదివాను. తప్పు చదివానేమో అనిపించి మేడమ్‌ను పిలిచి చూపించాను. "సరిగానే చదివారు పెద్దమ్మా" అంది. అప్పటికే ఆవిడ ముఖం బాగాలేదు.

ఆ గెడ్డ సంగతి చెప్పాలి, కొండవాగు అది. చిన్నప్పుడు నేనూ బడికి వెళ్ళాను, మూడు రోజులు. అప్పుడు మా ఊళ్ళో బడి లేదు, గెడ్డ దాటి పోవాలి. నాలుగో రోజు పై కొండల్లో వాన పడి గెడ్డ పొంగింది. అమ్మ వెళ్ళొద్దంది. నీళ్ళు తగ్గేసరికి మేకలు నాకు అప్పగించేశారు. అదీ నా చదువు. మా ఈడు వాళ్ళందరి చదువూ అదే. ఇప్పటికీ గెడ్డ మీద వంతెన లేదు. వానాకాలం నాలుగు నెలలూ అటు పోయేవాళ్ళు పోరు. కాబట్టి శుక్రవారం నాడు పిల్లలు కనపడాలి. నాకూ మేడమ్‌కూ ఆ వారం వేరే ధ్యాస లేదు. ఉన్నది ఇరవై ఆరుగురు. ఒక్కొక్కరి పేరూ అనుకుంటూ రోజూ లెక్కపెట్టుకునేవాళ్ళం.

సోమవారం సాంబారు చెయ్యాలి. సంత కూరలు అయిపోయాయి, ఉన్న రెండు వంకాయలూ పుచ్చులు. బడి వెనక మేడమ్ పిల్లల చేత వేయించిన చిక్కుడు పందిరి ఉంది. చలి పడ్డాక గుత్తులు గుత్తులుగా కాసింది. "మన పందిరి కాయలే కోసి వండెయ్యండి పెద్దమ్మా, పిల్లలు పెంచినవి పిల్లలే తింటారు" అంది మేడమ్.

మా వైపు కొత్త అని ఒక కట్టుబాటు ఉంది. మామిడి గాని, కొర్ర గాని, చిక్కుడు గాని, కంది గాని, ఏ పంటయినా ఊరి పూజారి రోజు చెప్పాక, ముందు దేవరకూ పెద్దలకూ పెట్టి, ఆ తర్వాతే ఊరంతా ఒక్కరోజున నోట పెట్టుకోవాలి. దానికి ముందు చెట్టున ముదిరి ఎండిపోయినా ఎవరూ ముట్టరు. చిక్కుడు కొత్త ఇంకా కాలేదు. నేను చర్చిలో కలిసి చాలా ఏళ్ళయింది, కొత్తలు పాటించను. మా చర్చివాళ్ళు ఇంట్లో ఎప్పుడు వండుకున్నా ఎవరూ ఏమీ అనరు, ఎవరి పొయ్యి వాళ్ళది. బడి పొయ్యి మాత్రం అందరిదీ. ఈ తేడా నాకు తట్టలేదంటే అబద్ధం. కత్తిపీట ముందు కూర్చోగానే తట్టింది. మేడమ్‌కు చెప్పడానికి సిగ్గేసింది. ఇంత అక్షరం నేర్చుకుని ఇంకా ఇవేం మాటలు అంటుందేమోనని. కాయలు తరిగేశాను.

వడ్డించేటప్పుడు నాలుగో తరగతి గుంట ఒకతె ముక్కలన్నీ ఏరి కంచం అంచున పెట్టింది. అది మా అన్న మనవరాలు. మా అన్నే ఊరి పూజారి. నేను చర్చికి పోయినప్పటి నుంచి అన్న నా గుమ్మం తొక్కలేదు, నేను వాళ్ళ గుమ్మం తొక్కలేదు. గుంటకు మాత్రం ఈ తగాదా పట్టదు. నన్ను మామ్మా అనే పిలుస్తుంది.

"మామ్మా, కొత్త కానేదు కదా" అంది.

"బడిలో కొత్తలేటే? తిను."

"తాత తిడతాడు."

"తాతకి ఎవులు సెప్తారు? పారేత్తే ఊరుకోను, సెప్పినాను."

తినింది. నములుతున్నంతసేపూ నా ముఖంలోకే చూస్తూ తినింది. మిగతా పిల్లలు దాన్ని చూసి తినేశారు.

మంగళవారం ఆ గుంట బడికి రాలేదు. వాంతులన్నారు. బుధవారం ప్రార్థనకు తొమ్మిదిమంది నిలబడ్డారు. తొమ్మిదిమందీ చర్చి ఇళ్ళ పిల్లలే.

మేడమ్ వరుసలు చూసింది, మళ్ళీ లెక్కపెట్టింది, నా వైపు చూసింది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నట్టు తల వంచాను. ప్రార్థన అయ్యాక పిల్లలకు రాత పని ఇచ్చి, "రండి పెద్దమ్మా, ఇళ్ళకు వెళ్దాం" అంది. వెళ్ళాం. ఒకావిడ కాఫీకి ఎల్లిపోనారంది. ఒకావిడ జొరం అంది, జొరం వచ్చిన పిల్లాడు వెనకాల కోళ్ళను తరుముతున్నాడు. ఒకరు తలుపే తియ్యలేదు. కుళాయి దగ్గర ఒక ముసలావిడ బిందె పెట్టుకుని నన్ను ఆపింది.

"ఏటి వంటమ్మా, ఈయేల ఏటి కూర? నువ్వు మొన్న పెట్టిన దానికే మా గుంటల కడుపులు నిండిపోనాయి, ఇంక నాలుగు రోజులు అక్కర్నేదు."

పక్కనున్నవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ముందు నడుస్తున్న మేడమ్ వెనక్కి తిరిగి, "ఏమంటోంది?" అంది.

"ఏటీ నేదు మేడమ్. పలకరిత్తంది."

ఆ ఒక్క మాటతో ఇంకో రోజు పోయింది. సాయంత్రం మేడమ్ బల్ల దగ్గర కూర్చుని, ఇదంతా కాఫీ కోతల వల్లే అని తేల్చుకుంది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది, రేపటి నుంచి గంట ఏడుకే అని. నేను చదివాను. చదివి, గిన్నెలు బోర్లించి ఇంటికి పోయాను. చదవడం రానప్పుడు కాగితాల మీద ఏముందో తెలియక భయపడేదాన్ని. ఆ రోజు తెలిసి, తప్పని తెలిసి, నోరు కదల్లేదు. ఎవరి పేరు తలచుకున్నా వాళ్ళు గెడ్డలో నడుములోతున ఉన్నట్టు కనపడేది.

గురువారం ఏడుకు గంట కొట్టింది. మంచులో ఎదురుగా ఉన్న పనసచెట్టే కనపడటం లేదు, గంట మాత్రం ఊరంతా వినపడింది. తొమ్మిదిమందే వచ్చారు. మేడమ్ గంట కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పుడు చెప్పాను. కొత్త అంటే ఏమిటో, ఎందుకు రావడం లేదో, అంతా. గుంట చేత తినిపించిన సంగతి తప్ప.

ఆవిడ ఆ రోజు మొదటిసారి నా మాట చివరిదాకా వింది.

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది మేడమ్."

"నిన్న చెప్పుంటే ఒక రోజు ఉండేది నా చేతిలో. ఇప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం వరకే ఉంది." గట్టిగా అనలేదు. అనుంటే బాగుండేది. "నేను చెబితే వినే మనిషిలా కనపడనా మీకు?"

"కనపడరు మేడమ్. సగంలోనే అందుకుంటారు."

ఏదో అనబోయి ఆపుకుంది. ఐదో తరగతి పిల్లకు చిన్నవాళ్ళను అప్పజెప్పి, చెప్పులు వేసుకుంది. "పూజారిగారి ఇంటికి దారి చూపించండి."

"నాను రాను మేడమ్, మాకు మాటల్లేవు."

"నాకూ లేవు. పదండి."

దారిలో ఒకటే మాట చెప్పాను. పిల్లకు వాంతులు చిక్కుళ్ళ వల్ల కాదని అక్కడ వాదించొద్దని. ఆవిడ అదే వాదించడానికి సిద్ధపడి వస్తోంది, ముఖం చూస్తే తెలుస్తోంది.

అన్న వీధి అరుగు మీద కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. నన్ను చూడనట్టే ఉన్నాడు. లోపల గోడ పక్కన దుప్పటి కప్పుకుని గుంట కూర్చుని ఉంది, గంజి తాగుతోంది. నన్ను చూసి తల దించుకుంది. అది తల దించుకోవడం నేను చూడలేకపోయాను.

మేడమ్ చేతులు జోడించింది. "పెద్దాయనా, బడి తోటలో చిక్కుడు కోయించింది నేను. మీ పద్ధతి కనుక్కోకుండా చేశాను. తప్పు నాదే."

"నీకు తెల్దమ్మా" అన్నాడు అన్న, కత్తి ఆపకుండా. "తెలిసినోళ్ళు నీ యెనకాల నిలబడున్నారు."

"పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్దామా?"

"నర్సు సూసింది. మాత్రలిచ్చింది. మింగింది, తగ్గింది. అది కాదు సంగతి." కత్తి పక్కన పెట్టాడు. "ఊరంతా ఒక్కరోజు తినాల. ముందు దేవరకెట్టాల, పోయిన పెద్దోళ్ళకెట్టాల, తరవాత మనం. అదీ సంగతి. మీరు మా గుంటల నోట ముందు పెట్టీసినారు. ఇప్పుడు నాను దేవరకి ఏటెట్టాల, ఎంగిలా?"

చర్చివాళ్ళమైనా ఎంగిలి మాకూ ఎంగిలే.

"దీనికి పరిహారం ఉంటుంది కదా" అంది మేడమ్. "తప్పు కట్టాలంటే ఏం చెయ్యాలి? నేను కడతాను."

"కట్టడానికి మడిసుండాల కదమ్మా. నీ మీద ఎయ్యడానికి నేదు, నువ్వు మా ఊరి దానివి కావు. ఈవిడ మీద ఎయ్యడానికి నేదు, మా కట్టులోంచి ఎల్లిపోనాది. ఇంకెవుల మీద ఎయ్యాల? ఈ గుంట మీదా?" అని లోపలికి చూపించాడు. "తిననని గుంట మొత్తుకున్నాదట. మామ్మ తినిపించినాదట."

మేడమ్ నా వైపు తిరిగింది. మా ఆయన పోయిన రోజున కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు.

అప్పుడు నాకు తెలియకుండానే అరుగు ఎక్కాను. అన్నేళ్ళ తర్వాత.

"నాను ఈ ఇంట్లోనే పుట్టినాను" అన్నాను. "ఆ మూలనే మన అమ్మ నన్ను కన్నాది. సర్చికెల్తే అది పోద్దేటి? తప్పు నా మీద ఎయ్యి."

"నువ్వు దేవర కాడికి రావు కదా."

"రాను. కోడి తెత్తాను, బియ్యం తెత్తాను, నీ గుమ్మం కాడ పెడతాను. తరవాత నువ్వేటి సేసుకుంటావో నాకు సెప్పకు."

లోపలి నుంచి వదిన నవ్వింది. "ఒక్క కడుపునే పుట్టినారు ఇద్దరూ. అనుమానం నేదు."

అన్న నవ్వలేదు. చాలాసేపు వెదురు బద్దలను పొడవుల ప్రకారం సర్దుకున్నాడు. తర్వాత మేడమ్‌తోనే చెప్పాడు, నాతో కాదు. కొత్త అయ్యేదాకా నేను బడి పొయ్యి ముట్టకూడదు. చిక్కుళ్ళు ఉడికిన డేగిసా బయట పెట్టెయ్యాలి, మళ్ళీ వాడకూడదు. కొత్త పున్నమి దాటిన ఆదివారం. అప్పటిదాకా ఆ పొయ్యి మీద వండింది వాళ్ళ పిల్లలు తినరు.

"తినకపోతే పోనివ్వండి, బడికి వస్తారా?" అంది మేడమ్.

"ఊరోళ్ళని అడగాల. నానొక్కణ్ణీ సెప్తే కాదు."

"రేపు ఆఫీసరు వస్తారు పెద్దాయనా."

"మీ ఆఫీసరొత్తాడని మా దేవర ముందుకి జరగదమ్మా."

"జరపమనడం లేదు. పిల్లలు కనపడకపోతే పెద్ద తరగతులను గెడ్డ అవతలికి..."

"గెడ్డ సంగతి నాకు సెప్పక్కర్నేదు" అన్నాడు అన్న. నేను బడి మానేసిన ఏడే అన్నా మానేశాడు. నాకంటే రెండు నెలలు ఎక్కువ చదివాడు, అంతే తేడా.

మాట ఇవ్వలేదు. వదిన మమ్మల్ని కూర్చోమనలేదు, పొమ్మనలేదు. తిరిగి వస్తున్నప్పుడు మేడమ్ సగం దారిలో ఆగి, "తిననన్న పిల్ల చేత తినిపించారా?" అంది. తినిపించానన్నాను. బడి వచ్చేదాకా నాకంటే పది అడుగులు ముందే నడిచింది.

మధ్యాహ్నం కోడిని, బియ్యాన్ని తీసుకెళ్ళాను. అన్న ఇంట్లో లేడు. వదిన కోడిని స్తంభానికి కట్టి, బియ్యం చేటలో పోసుకుని, "ఎల్లు" అంది. ఊరోళ్ళతో మాట్లాడాడా అని అడిగాను. "ఆడవాళ్ళకి సెప్తాడేటి?" అంది. చీకటి పడేదాకా రచ్చబండ దగ్గర మాటలు వినపడుతూనే ఉన్నాయి. నేను గుమ్మంలో చెవి పెట్టుకుని కూర్చున్నాను. ఒకరి గొంతు పెద్దదవుతుంది, ఒకరిది తగ్గుతుంది, మాటలు తెలియడం లేదు. చర్చిలో ప్రార్థన చేసుకుందామంటే, ఏమని చెయ్యాలో తోచలేదు. అన్న దేవరకు తప్పు కట్టి వచ్చి, మా దేవుణ్ణి సాయం అడగడమెలా?

శుక్రవారం మేడమ్ గంట ఏడుకు కొట్టలేదు, మామూలు వేళకే కొట్టింది. చర్చి పిల్లలు తొమ్మిదిమందీ వచ్చారు. వాళ్ళకు అన్నం మేడమే తన గదిలో తన గిన్నెలో వండి తెచ్చింది. నేను కంచె బయట నిలబడ్డాను, లోపలికి పోతే ఎవరైనా చూసి పొయ్యి ముట్టిందంటారేమోనని. ప్రార్థన అయింది. ఎవరూ రాలేదు. మేడమ్ హాజరు పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చుంది, పిలవడం లేదు. జీపు చప్పుడు మలుపులో వినపడింది. ఆ చప్పుడు దగ్గరవుతూ ఉంటే నేను దేవర రాళ్ళ దారి వైపే చూస్తున్నాను.

జీపు ఆగింది. ఆఫీసరు దిగాడు, చిన్నవాడే, చేతిలో ట్యాబు. మేడమ్ ఎదురెళ్ళి నమస్కారం పెట్టింది. "ఎంతమంది?" అన్నాడు. "వస్తారు సార్" అంది. ఆయన వాచీ చూసుకున్నాడు.

వచ్చారు. దేవర రాళ్ళ వైపు నుంచి, మంచులోంచి, ముందు పెద్దవాళ్ళు, వెనక చిన్నవాళ్ళు. ఒక్కొక్కరి చేతిలో అడ్డాకు పొట్లం. వాళ్ళ వెనక మా అన్న, భుజాన కర్రతో, పశువులను తోలుకొచ్చినట్టు. అన్న మనవరాలు చివర్న నడుస్తోంది, ఇంకా నీరసంగా. నేను లెక్కపెట్టాను. మళ్ళీ పెట్టాను. తొమ్మిదిమందితో కలిపి ఇరవై నాలుగు. ఇద్దరు తల్లులతో కాఫీ తోటకు వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది. అన్న కంచె దాటి లోపలికి పోలేదు. నా పక్కనే, రెండు మూరల దూరంలో నిలబడ్డాడు.

ఆఫీసరు ఒక్కొక్కరినీ లేపి పేరు అడిగాడు, చదివించాడు, ఫొటో తీసుకున్నాడు. పిల్లలు బాగా చదివారు. అప్పుడు అన్నాల వేళయింది. తొమ్మిదిమంది కంచాలు పెట్టుకున్నారు. మిగతావాళ్ళు పొట్లాలు విప్పుకున్నారు.

"వీళ్ళు బడి భోజనం ఎందుకు తినడం లేదు?" అన్నాడు ఆఫీసరు.

నేను మనసులో మేడమ్‌కు అబద్ధాలు అందిస్తున్నాను. వనభోజనాలని చెప్పు. పండగని చెప్పు. ఏదో ఒకటి చెప్పు, నీకు మాటలకు లోటా?

"వంటలో తప్పు జరిగింది సార్" అంది మేడమ్. "ఇక్కడి పద్ధతి ప్రకారం అప్పటికి తినకూడనిది వండించాను. వచ్చే వారం దాకా ఈ పొయ్యి మీద వండింది తినరు. ఆ షరతు మీదే ఈ రోజు పిల్లలు వచ్చారు."

"మూఢనమ్మకాలను మీరే పెంచుతున్నారా?"

"పిల్లలు బడికి రావాలి సార్. ముందు అది చూసుకున్నాను."

ఆయన ట్యాబులో ఏదో కొట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపు కొట్టాడు.

"ఏటి రాత్తన్నాడు?" అన్నాడు అన్న, నా వైపు చూడకుండానే. అన్నేళ్ళలో తనంతట తానుగా నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఇక్కణ్ణుంచి కనపడదు" అన్నాను.

"సదువుకున్నావు కదా."

"దగ్గరుంటేనే."

వారం తిరక్కుండా కాగితం వచ్చింది. ఇద్దరు తక్కువైనా పిల్లల సంఖ్య సరిపోయిందనే రాశారు. కాని పదిహేనుమందికి భోజనం ఎందుకు పెట్టలేదో, అనుమతి లేకుండా వంట ఎందుకు మార్చారో మేడమ్ సంజాయిషీ ఇవ్వాలి. అది తేలేదాకా తరగతుల సంగతి ఆపి ఉంచారు. ఉంచుతారనీ లేదు, కలుపుతారనీ లేదు.

మేడమ్ జవాబు రాసి, పంపేముందు నా చేతికిచ్చింది. ఒక ఆఫీసు కాగితం బయటికి పోకముందే నా చేతికి రావడం అదే మొదలు. వరండాలో కూర్చుని వేలు పెట్టి చదివాను. మూడో వరుసలో ఆగిపోయాను. "వంటమనిషికి స్థానిక పద్ధతి తెలియదు" అని ఉంది.

"ఇది అబద్ధం" అన్నాను.

"తెలుసని రాస్తే మిమ్మల్ని తీసేస్తారు."

"తీసీనీండి. ఈ కాగితం నకలు బడిలో ఉంటాది కదా. మా అన్న మనవరాలికి సదవడం వచ్చు."

మేడమ్ కలం తీసి ఆ వరుస కొట్టేసింది. పైన రాసింది: "వంటమనిషికి తెలుసు. నాతో చెప్పగలిగేలా నేను నడుచుకోలేదు."

"ఇదీ సగమే నిజం" అన్నాను.

"ఆ సగం నాది. ఉండనివ్వండి" అంది, మళ్ళీ శుద్ధప్రతి రాయడం మొదలుపెట్టింది.

పున్నమి దాటిన ఆదివారం చిక్కుడు కొత్త అయింది. నేను వెళ్ళలేదు. ఆ పొద్దున చర్చిలో నా పక్కన ఎప్పటిలాగే కూర్చున్నారు, కాని ప్రార్థన తర్వాత నన్నెవరూ పలకరించలేదు. కోడి సంగతి వాళ్ళకీ తెలుసు. సోమవారం కొత్త డేగిసాలో అన్నం వండాను. అన్న మనవరాలు కంచం పట్టుకుని వరుసలో వచ్చింది. పెట్టింది పెట్టించుకుంది, మామ్మా అనలేదు. ఇప్పటికీ అనడం లేదు. అడగడానికి నాకు నోరు రావడం లేదు.

మేడమ్ ఇప్పుడు నెల మొదట్లో అన్న అరుగు మీదకు వెళ్ళి, ఏది కొత్త అయింది, ఏది కాలేదు అని అడిగి రాసుకొస్తోంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ పెదవులు బిగపట్టుకుని కూర్చుంటుంది. కష్టంగానే ఉంది ఆవిడకు, చూస్తే తెలుస్తుంది.

మామిడి పూత రాలి పిందె పడింది. ఆఫీసు నుంచి జవాబు ఇంకా రాలేదు. ఆ గుంట వచ్చే ఏడు ఐదుకు వస్తుంది. గెడ్డకు ఇవతలో అవతలో ఆ కాగితమే చెప్పాలి. వానలకు ముందే వస్తుందని మేడమ్ అంటోంది. మొన్న సాయంత్రం పడమటి కొండ మీద మెరిసింది.